తరుగు

గోగునార బేళ్ళ మధ్య దొరికాడు కాబట్టి గోగులు.
ఒళ్ళంతా నార రంగే, కళ్ళు మాత్రం పచ్చి గోగాకు.

నెల్లిమర్ల మిల్లులో నేను కాటా గుమాస్తాని.
ముప్పై ఒక్క ఏళ్ళు ముల్లు వంకే చూసిన కళ్ళివి.
పిల్లికి బిచ్చం పెట్టడని నా మీద ఒక మాట ఉండేది,
అబద్ధం కాదు.
వీడు బిచ్చం అడగలేదు.
వచ్చి కాటా పళ్ళెంలో పడుకున్నాడు:
అయిదు కిలోల రెండొందలు.

మిల్లు మూసేసిన రోజున ఇంటికి తెచ్చుకున్నవి రెండు,
ఆ చిన్న కాటా, వీడు.

పోయిన వానల్లో నీళ్ళ ముంత ఖాళీ అవడం మొదలైంది.
నింపితే ఖాళీ. నింపితే ఖాళీ.
పెరట్లో వీడు తడిపిన ఇసక చుట్టూ చీమలు బారు కట్టాయి.
వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి
ముసలి బంట్రోతులా నడిచేవాడు.
కాటా ఎక్కించాను. మూడు కిలోల నాలుగొందలు.
పద్దెనిమిది వందల గ్రాముల పిల్లి ఎటు పోయింది?

విజయనగరంలో పశువుల డాక్టరు కోరాడ హైమావతి
గేదె దగ్గర్నించి మోచేతుల దాకా కడుక్కుని వచ్చి
వీడి చెవి అంచున సూది గుచ్చి, బొట్టు మిషనుకి తాకించి
"నాలుగొందల అరవై. మనకొచ్చే షుగరే" అంది.
పాలన్నం బందు. రెండు పూటలా ఒక్కో యూనిట్టు.
తిన్నాకే సూది. తినకపోతే నాకు ఫోను.

ఒక యూనిట్టంటే ఎంత?
ఆవగింజ ఏడిస్తే రాలేంత.
క్వింటాళ్ళు తూచిన చెయ్యి
ఆ గీత దగ్గర వణికింది.

"పిల్లికి ఇన్సులినేటి? డబ్బుల్లేక నానే మాత్రలు మానీసినాను"
అంది ఎదురింటి సన్నాసమ్మ.
నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ.

పొద్దున్న ఆరు, సాయంత్రం ఆరు.
మిల్లు కూత లేని ఊళ్ళో ఆరయిందని
పలాస పాసింజరు చెప్పాలి, అదీ ఆలస్యమే.
ఉప్పు దిగేదాకా నానిన మెత్తళ్ళు, ఉడికిన కోడి.
తింటున్నప్పుడు మెడ వెనక తోలు డేరాలా ఎత్తి, లోపలికి.
వాడికి తెలీదు.
తెలుసేమో. తలెత్తడు.

ఆ వారం నారింజ మూత సిరంజీలు అయిపోయాయని
మందుల కొట్టు కుర్రాడు ఎర్ర మూతవి చేతిలో పెట్టాడు.
గీత గీతే కదా అనుకున్నాను,
నేను, కాటా గుమాస్తాని.

రాత్రి పదిన్నరకి గోగులు గోడకి గుద్దుకున్నాడు.
మెడ పక్కకి తిరిగిపోయి
లేని నీళ్ళలో నాలుగు కాళ్ళతో ఈదుతున్నాడు.
మిషను మీద అంకె లేదు.
"లో" అని మాత్రం ఉంది.
దేనిలో?

"బెల్లం పాకం చిగుళ్ళకి రాయండి, గొంతులో పొయ్యకండి.
ఏ సిరంజీ వాడారు?"
చెప్పాను.
ఫోనులో కాసేపు ఏమీ లేదు.
"మీ మందుకి అది కాదండీ. రెండున్నర రెట్లు ఎక్కిపోయింది."

రెండున్నర.

తేమ పేరు చెప్పి మోపుకి రెండున్నర కిలోలు
తరుగు తీసేవాణ్ణి. పైవాళ్ళు తియ్యమన్నారు, తీశాను.
పిన్నింటి లచ్చుంనాయుడని ఒక గోగు రైతు
తలపాగా విప్పి చేత్తో పట్టుకుని
"ఒక్కపాలి మళ్ళా సూడండి బాబూ" అనేవాడు.
చూడకుండానే పుస్తకంలో రాసేవాణ్ణి.

వేలు బెల్లంలో, వేలు చిగుళ్ళ మీద.
మళ్ళీ. మళ్ళీ.
వాడి పళ్ళు దిగాయి. తియ్యలేదు వేలు.
పన్నెండింటికి నలభై ఒకటి.
రెండింటికి ఎనభై.
తెల్లారగట్ల ఖాళీ గిన్నె దగ్గర కూచుని
నన్ను తిట్టాడు, బాగా పెద్ద గొంతుతో.

ఇప్పుడు మూత రంగు చూస్తాను. గీత చూస్తాను.
సిరంజీ దీపం కింద పెట్టి
వెనకనించి ఎవరో అన్నట్టుంటే
మళ్ళా చూస్తాను.
కాటా మీద నాలుగు కిలోల నూట యాభై.

నిన్న సన్నాసమ్మ గుమ్మంలో నిలబడి
"నాదీ సూడు" అని వేలు చాపింది.
కొత్త సూది తీశాను.