కాశిమేడులో పొక్కులు

ఫైబర్ పడవను ఇసుకలో బోర్లించాం.
అడుగంతా పొక్కులు,
అమ్మవారు పోసినట్టు.

దేశప్పన్ స్క్రూడ్రైవర్‌తో ఒకటి పొడిచాడు.
పులిసిన వాసన. జిగట నీళ్లు.
"మొత్తం గీకి, రెండు నెలలు ఎండబెట్టి
రెజిన్ పూయాలి. ముప్పై వేలు.
లేదా వదిలెయ్.
పొక్కులతో మునిగిన పడవని
నేనైతే చూళ్ళేదు."

రెండు నెలలా!
వంజరం పడే రోజులు.

మేనత్త నూకాలు
ఒక్కోటీ తడిమి లెక్కపెడుతూ
నలభై ఒకటి దగ్గర ఆగింది.
మోచేయి చూపించింది,
మూకుట్లో నూనె చిట్లి లేచిన బొబ్బలు,
పాతవీ, నిన్నటివీ.
"ఇవీ మానవు,
నేనూ చేపలు వేయించడం మానను."

దేశప్పన్ పొడిచినదానికి మాత్రం
పుట్టీ పెట్టించాం.
నూట యాభై తీసుకున్నాడు.

తెల్లారి మూడింటికి
నలభై పొక్కులతో
నీళ్లలోకి.