ఫారంలో నాలుగు గీతల జాగా

శిక్షణలో మీరిచ్చిన వాటిల్లో
ఏది ఎక్కువ పనికొచ్చిందని అడిగారు.
పక్కన రంగు నింపడానికి ఐదేసి నక్షత్రాలు,
కింద కారణం రాయడానికి నాలుగు గీతల జాగా.

నక్షత్రాలకి మా కొండమీద కరువు లేదు మేడమ్,
గీతలే చాలవు.
వెనకవైపు కూడా రాశాను, తిప్పి చూడండి.

మా బడి రాత్రి ఏడింటికి మొదలవుతుంది.
గొర్రెలు దొడ్లో చేరాక, కుక్కలు నెమ్మదించాక
దుప్పట్లు కప్పుకుని వస్తారు పిల్లలు.
తడిసిన ఉన్ని వాసన, పిడకల పొగ వాసన,
టోపీ అంచున ఇంకా కరగని మంచు.
మొత్తం పదకొండుమంది. మంచు పెరిగితే ఏడుగురు.
లెబూసాకి పందొమ్మిదేళ్ళు,
మీసాలొచ్చాక అక్షరాలొస్తున్నాయి.

ముందు ప్రొజెక్టర్ సంగతి.
అది గంటసేపు వెలగాలంటే
మా సోలార్ పలక రెండు రోజులు ఎండ తాగాలి.
జూన్‌లో ఇక్కడ సూర్యుడు
గొర్రెలకంటే ముందే దొడ్డికి చేరతాడు.
అందుకని దాన్ని బయటికి తియ్యలేదు.
పెట్టె మాత్రం గట్టిది, త్సెకో దానిమీద కూర్చుంటాడు.
పెట్టెకి రెండు నక్షత్రాలు.

నెట్ లేకపోయినా పుస్తకాలు పంచే ఆ చిన్న డబ్బా,
అరచేతంత ఉంటుందే, అది మంచిదే.
తిమింగలం గుండె ఎంతుంటుందో చూశాం.
దానికి రోజుకి ఎంత మేత కావాలని మొలెఫి అడిగాడు,
జవాబు దొరికింది.
దాన్ని కాసేదెవరని అడిగాడు,
డబ్బా అంతా వెతికాం.
నాలుగు.

మాట్లాడితే రాసిపెట్టే యాప్ ఉంది చూశారూ,
దాని భాషల జాబితాలో మా సెసోతో లేదు.
అడుగుదాకా వెళ్ళి చూశాను, రెండుసార్లు.
మేం "మెత్సి" అన్నాం, నీళ్ళు అని.
అది మిట్సీ అనే ఎవరికో
ఉత్తరం మొదలుపెట్టింది.
నవ్వీ నవ్వీ లెబూసాకి పొలమారింది.
సున్నా వేద్దామంటే
మీ ఫారంలో సున్నా లేదు.

ఇక మ్యాపు.
ఒక రాత్రి ఫోన్లో మా కొండని తెరిచాను.
బూడిదరంగు. పేరులేని వాగు ఒక గీత. అంతే.
ఎవరూ మాట్లాడలేదు.
అక్షరానికి ఆమడ దూరంలో కూర్చునే త్సెకో
పెట్టెమీంచి లేచొచ్చి వేలు పెట్టాడు:
"ఇక్కడ ఊట ఉంది. ఆగస్టులోనూ ఎండదు."
వేలు తగిలి మ్యాపు పక్కకి జారింది.
కొండ ఎటు పోయిందని కంగారుపడ్డాడు.

అంతే, ఇక ఆగలేదు.
నక్క పిల్లల్ని పెట్టే గుహ,
పిడుగుపడి పదమూడు గొర్రెలు పోయిన బండ,
దున్నపోతు మెడలాంటి కనుమ,
గాడిదలు మొరాయించే మలుపు.
పేరు రాయగలిగినవాడే
ఆ చోటు మ్యాపులో పెట్టాలన్నాను.
ఆ వారమే సుద్దముక్కలన్నీ అయిపోయాయి.

లెబూసా ఒకే పేరు రాసి చెరిపాడు, రాసి చెరిపాడు.
ఖోత్సో.
అది చోటు పేరు కాదు, వాడి తమ్ముడి పేరు.
మూడేళ్ళ కిందట కనుమ కింద
మంచులో ఆగిపోయిన పిల్లవాడు.
మ్యాపులో ఇలాంటివి పెట్టొచ్చో లేదో
మీరు శిక్షణలో చెప్పలేదు, నేనూ అడగలేదు.
వాడికి తన పేరు రాయడం ఇప్పటికీ సరిగ్గా రాదు.

సిగ్నల్ శిఖరం మీదే.
శనివారం అందరం ఎక్కాం.
ఇరవయ్యారు పేర్లు ఒక్కొక్కటిగా గాల్లోకి వెళ్ళాయి.
ఆధారం ఏమిటని ఒక గడి అడిగింది.
"మా కాళ్ళు" అని రాయమన్నాడు మొలెఫి.
అలాగే రాశాను.

దీనికెన్ని నక్షత్రాలో ఇంకా తేల్చుకోలేదు.
త్సెకో ఊట పేరులో ఒక అక్షరం తప్పుపోయింది,
వాడే కనిపెట్టాడు, నేను కాదు.
సరిచెయ్యడానికి మళ్ళీ ఎక్కాలి.

కొత్తవేవైనా పంపేటట్టయితే
వాటితోపాటు సుద్దముక్కలు రెండు పెట్టెలు.

ఇట్లు,
ఖౌహెలో, రాత్రిబడి, మొఖోట్లాంగ్ పైన