తిరుగుటపా

డావెంట్రీలో వాన పడుతూనే ఉంది, పడనట్టుగా.
రేకుల కప్పు కింద మా గోదాము,
అందులో నలభై రెండో నంబరు బల్ల నాది.
అమ్ముడుపోయిన హెడ్‌ఫోన్లు
మనసు మార్చుకుని ఇక్కడికే వస్తాయి తిరుగుటపాలో,
అట్టపెట్టెల మూలలు నలిగి,
ఊడదీసి మళ్ళీ అంటించిన టేపుకి
ఎవరిదో ఒక తలవెంట్రుక అతుక్కుని.

కారణాల పట్టీలో పన్నెండు గడులు.
పన్నెండోది 'ఇతరములు'.
నూటికి నలభై ఒక్క మంది అక్కడే టిక్కు పెట్టారు.
"ఈ ఇతరాల సంగతేంటో తేల్చు," అంది గ్లెనిస్
చల్లారిన టీ కప్పు నా కాగితాల మీదే పెడుతూ.
"ఇక్కడ పాసైన సరుకు
ఇళ్ళకెళ్ళి ఎందుకు ఫెయిలవుతోంది?"

విప్పాను.
మరలు, స్పంజి, బ్యాటరీ, గోరంత మైకు.
ఎడమ చెవి పాడింది. కుడి చెవి పాడింది.
తడి లేదు, కాలిన వాసన లేదు.
ఒక పెట్టెలో మాత్రం హెడ్‌ఫోన్లకు బదులు
సరిగ్గా అంతే బరువున్న బంగాళాదుంప.
దానికి కారణం ఎవర్నీ అడగక్కర్లేదు.
మిగతా అన్నిటి చీటీల మీదా 'లోపం లేదు' అని రాశాను.
ఆ రెండు మాటల వరకూ
నేను చేయి తిరిగిన రచయితని.
లోపం లేదు సరే,
మరి లోపలేముంది?

ఫోన్లు చెయ్యడం మొదలెట్టాను.
కెటరింగ్‌లో ఒక బస్సు డ్రైవరు, "రంగు నచ్చలేదు" అన్నాడు.
కాసేపాగి, "రంగు కాదులెండి" అన్నాడు.
ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.
రగ్బీలో ఒకమ్మాయి పుట్టినరోజుకి అక్కకిచ్చిందట,
అక్క తన పుట్టినరోజుకి తిరిగిచ్చిందట.
గ్రిమ్స్‌బీలో మిసెస్ ఓల్డ్‌రాయిడ్ మాత్రం
కెటిల్ స్విచ్చి వేసొచ్చి తీరిగ్గా కూర్చుంది.

"పాటకేం, బాగానే ఉంది అబ్బాయ్.
వంటింట్లోకి వెళ్తే చాలు, ఆ పిల్ల చెవిలో చెబుతుంది
సంబంధం తెగిపోయిందని.
చెత్తబుట్ట బయట పెట్టబోతే తెగిపోయింది.
పిల్లికి పాలు పొయ్యబోతే తెగిపోయింది.
రోజుకి ఎన్నిసార్లని చెప్పించుకోను?
నాకు తెలీదనా?"

ఆ రాత్రి షిఫ్టయ్యాక ఫోను బల్ల మీదే వదిలేసి
చెవులకు తగిలించుకుని నడిచాను.
తొమ్మిదో వరస దాకా పాట.
పదో వరసలో గరగర.
పదకొండో వరసలో, పాలిథిన్ చుట్టిన పెట్టెల మధ్య,
ఆ పిల్ల నిదానంగా, ఎంతో మర్యాదగా చెప్పింది.
ఇంగ్లీషులో అది ఒక్క మాటే.
నాకు వినపడింది మాత్రం తెలుగులో.
రెండడుగులు వెనక్కేస్తే కలిసింది.
ముందుకేస్తే తెగింది.
ఎంతసేపలా నిలబడి ఊగానో
సీసీ కెమెరాకి తెలుసు.

మర్నాడు కెటరింగ్‌కి మళ్ళీ చేశాను.
"ఆ గొంతేనా అండీ?"
అటువైపు డిపోలో ఎవరో ఈల వేస్తున్నారు.
"ఊ," అన్నాడు.

"ఒక ముసలావిడ, ఒక ఊకొట్టు, ఇంతేనా సాక్ష్యం?"
గ్లెనిస్ అడిగింది న్యాయమే.
ఇంకో అరవై ముగ్గురికి చేశాను.
ముప్ఫై ఎనిమిది మంది ఆ గొంతే అన్నారు, నేను అందివ్వకుండానే.
ఆరుగురు ఫోను పెట్టేశారు.
ఒకాయన నాకే ఇన్సూరెన్సు అమ్మబోయాడు.

నివేదికలో ఒకటే సిఫారసు:
మాట తీసెయ్యండి, చిన్న గంట పెట్టండి.
ఇంజినీర్లు నవ్వుకుంటూనే
ఒక్క పూటలో మార్చేశారు.

ఇప్పుడు 'ఇతరములు' నూటికి పదిహేడు.
ఆ పదిహేడు మంది జోలికి నేను పోలేదు,
ఎవరూ పొమ్మననూ లేదు.
వాన మాత్రం అలాగే ఉంది.
కిటికీ గట్టు మీద
చీటీ కట్టి పెట్టిన బంగాళాదుంపకి
మూడుచోట్ల మొలకలొచ్చాయి.