పక్కింటి ఒకటి

సాయంత్రం ఐదున్నరకి మా మిద్దె మీద రేకుల కింద
బడి రెండోసారి మొదలవుతుంది.
మార్కాపురం కదా, నా బోర్డు కూడా రాయే.
మూతబడ్డ పలకల ఫ్యాక్టరీలో
బేరమాడి తెచ్చిన బండ.
కుడిచేతి మూల విరిగింది,
అక్కడికొచ్చేసరికి నా సమీకరణాలు
కాస్త పైకి ఒంగి నడుస్తాయి.

పద్నాలుగు మంది.
ఆరు నుంచి పది దాకా అందరికీ ఒకటే పట్ట.
నెలకి మూడొందలు.
ఒకటో తారీకున ఇచ్చేది ఇద్దరు,
మిగతావాళ్లు చీటీ పాడాక, మిరపకాయలు అమ్మాక,
అవ్వకి పింఛనొచ్చాక.
ఒకళ్లు ఫీజు కింద పాలు పోస్తారు.
అందులో నీళ్ల శాతం మాత్రం
నేను కట్టి చూడలేదు.

"ఒక పంపు తొట్టిని నాలుగు గంటల్లో నింపును.
రెండో పంపు ఆరు గంటల్లో..."
వెనక వరస నుంచి అఖిల్:
"యాడుంది మేడం ఆ ఊరు?"
నవ్వాపుకోవడం నా వల్ల కూడా కాదు.
మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి.
అయినా పంపులు రెండూ తిప్పి
రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో
నోటుపుస్తకాల నిండా నీళ్లు పట్టుకుంటారు.

రిజ్వానాది ఆరో తరగతి.
నాలుగొందల మూడులోంచి నూట అరవై ఎనిమిది తీసేయాలి.
"మూడులోంచి ఎనిమిది పోదు కదా,
పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో."
"పక్కింట్లో సున్నా మేడం."
"అయితే ఆ పై ఇంటికి పో."
పోయింది.
నాలుగు మూడయింది, సున్నా తొమ్మిదయింది,
మూడు పదమూడై నిలబడింది.
రెండొందల ముప్పై ఐదు.
టిక్కు పెడుతుంటే
పెన్సిలు కొన కొరుకుతూ అడిగింది:

"తెచ్చింది మళ్లీ ఎప్పుడిస్తాం మేడం?"

పదకొండేళ్లుగా ఈ తీసివేత చెబుతున్నాను.
ఒక్కరూ అడగలేదు.
నేనూ అడగలేదు, నా ఆరో తరగతిలో.

వాళ్లమ్మ కాశింబీ నాకు తెలుసు.
పలకలకి చెక్క ఫ్రేములు బిగించేది, వందకింతని.
ఇప్పుడా రాయిని మందంగా కోసి
ఎవరింటి నేలకో పంపుతున్నారు.
నేలకి ఫ్రేము అక్కర్లేదు.
మంగళవారం మంగళవారం
గ్రూపు లోను కంతుకి ఒకబ్బాయి బండి మీద వస్తాడు,
కట్టేదాకా గడప దిగడు.
ఆ పూట ఈ పిల్ల అరగంట ముందే వచ్చి
మా మెట్ల మీద కూర్చుని ఎక్కాలు చదువుతుంది.
గట్టిగా.
ఇంటి మాటలు వినబడనంత గట్టిగా.

"ఇవ్వక్కర్లేదమ్మా" అన్నాను.
"వందలిల్లు, పదులిల్లు, ఒకట్లిల్లు,
మూడూ ఒకే కాపురం.
వంద నోటు చిల్లర మార్చుకున్నామంతే.
ఎవరి దగ్గరా తేలేదు,
ఎవరికీ బాకీ లేదు."

కాసేపు బండకేసి చూసింది.
"మరి అప్పు అని ఎందుకంటారు?"

పదో తరగతి వాళ్లు కూడా తలలెత్తారు.
నేను డస్టరు కోసం వెతికాను,
అది నా చేతిలోనే ఉంది.

మర్నాటి నుంచి 'విప్పు' అంటున్నాను.
పదిని విప్పు, వందని విప్పు,
కొంగున ముడేసిన డబ్బు విప్పినట్టు.
కొత్తవాళ్లకి బాగానే ఉంది.
పాతవాళ్లు తొందరలో అప్పే అంటారు,
ఒక్కోసారి నేనూ.
ఫీజుల పుస్తకంలో కాశింబీ పేరెదురుగా
మూడు గళ్లు ఖాళీగానే ఉన్నాయి.
ఆమెకి ఏ మాట వాడాలో నాకింకా తెలియదు.

ఇవాళ మంగళవారం.
ఐదింటికే మెట్ల మీద పదమూడో ఎక్కం.
వీధిలో బండి ఆగిన చప్పుడు.
పదమూడు తొమ్ముల దగ్గర గొంతు ఆగింది.

"నూట పదిహేడు" అన్నాను లోపల్నుంచి,
పొయ్యి మీద టీ వదిలేసి.
"పదమూడు పదులు?"

ఇద్దరం కలిసి చెప్పాం,
గట్టిగానే.