విడిపోనట్టే భావించి

నోటీసు మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది:
వార్ష్ణేయ హుసేన్ తాళాల కార్ఖానా,
ఊపర్‌కోట్, అలీగఢ్.
చిక్కల్లా ఒకటే,
ఆ పేరుగలది పోయి ఆరేళ్ళు.

మాథుర్ వకీలు దగ్గర టైపు కొడతాను నేను.
లేనివాళ్ళ తరఫున జవాబులు రాయడం
నాకిది కొత్త కాదు.
మనిషి పోతే తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది.
దుకాణం పోతే
దాని పాన్ నంబరుకి ఎవరూ కబురు చెప్పరు.
ఏ కంప్యూటరులోనో
ఒంటికన్ను తెరుచుకుని పడుకునే ఉంటుంది.

మార్చి ముప్పై ఒకటి, రాత్రి తొమ్మిదింటికి,
గడువు ఇంకో మూడు గంటలుందనగా పంపారు.
పాత లెక్కలు మళ్ళీ తిరగతోడాలట.

ఏప్రిల్లో వచ్చారిద్దరూ, వేరువేరు రిక్షాల్లో.
రామౌతార్‌గారు కిటికీ పక్కన,
ఇఖ్తిదార్ మియా తలుపు పక్కన,
మధ్యలో మెడ తిప్పే ఫ్యానూ, నేనూ.
"పద్దులెక్కడున్నాయో ఆయన్నడుగు."
"ఆయనకే తెలుసని చెప్పు."
వినబడే దూరంలోనే ఉన్నారు,
అయినా మోశాను.

తగువు కొక్కెం మందం దగ్గర వచ్చిందట.
అర మిల్లీమీటరు.
చవక ఇనుము కొందామని ఒకరు,
పేరు పోతుందని ఒకరు.
ప్రెస్సు మిషను ఒకరికి, అచ్చులు ఒకరికి,
ఇత్తడి రజను కూడా తూకం వేసి పంచుకున్నారు.
ఇనప్పెట్టె ఒక్కటే మిగిలింది.
దాని తాళం కుర్రతనంలో ఇద్దరూ కలిసి చేసింది,
రెండు చెవులూ ఒకేసారి తిప్పితే గాని వినదు.
పద్దులు అందులో ఉన్నాయి.

"లేనిదాని పేర నోటీసు చెల్లదు,"
మాథుర్‌గారు బల్ల మీద చెయ్యేశారు.
తర్వాత పుస్తకం తిప్పారు.
తర్వాత కళ్ళజోడు తీశారు.
"కంపెనీకైతే అలా. భాగస్వామ్యానికి
చట్టం లోపల ఒక మాట దాచుకుంది:
విడిపోనట్టే భావించి
లెక్క కట్టవచ్చు."

ఫ్యాను ఇటు తిరిగింది. అటు తిరిగింది.

"భావించేది ఎవరు?" తలుపు పక్కనుంచి.
"చట్టం."
"మమ్మల్నడక్కుండానే?" కిటికీ పక్కనుంచి.

వాదన రెండు రకాలుగానూ రాయమన్నారు.
ఒకటో పేరా: ఈ సంస్థ లేదు.
రెండో పేరా: ఉన్నదనే అనుకున్నా, బాకీ లేదు.
మరి కింద సంతకం?
సంస్థ తరఫున పెడితే ఉన్నట్టవుతుంది,
పెట్టకపోతే జవాబే లేనట్టవుతుంది.
అంతసేపు ఖాళీ గీత మీద
నా వేళ్ళెప్పుడూ ఆగలేదు.

సాయంత్రం పెట్టె దగ్గరికి సాక్షిగా నన్ను పంపారు.
పాత కార్ఖానాలో ఇప్పుడు
పుట్టినరోజు బుడగలమ్మే కుర్రాడున్నాడు.
గులాబీరంగు సంచులు జరిపి దారిచ్చాడు.
ఇద్దరూ జేబుల్లోంచి చెవులు తీశారు,
వెతుక్కోలేదు.
ఒకటీ రెండూ అని ఎవరూ అనలేదు,
చేతులు ఒకేసారి తిరిగాయి.

ఎండిపోయిన బల్లి ఒకటి. ఎర్ర అట్టల పద్దులు.
వాటి పైన, విడిపోయామని ఆనాడే
పన్నుల ఆఫీసుకి రాసిన ఉత్తరం నకలు,
గుండ్రటి ముద్రతో: అందినది.
చావు కబురు అందుకున్న చెయ్యే
ఆరేళ్ళ తర్వాత
క్షేమమా అని రాసిందన్నమాట.

సంతకాలు చేశారు, పూర్వ భాగస్వామి
అని రెండుసార్లు టైపు కొట్టిన చోట.
నా కలం ఒకటే ఉంది, చేతులు మార్చుకుంది.

తెరవడానికే రెండు చెవులు,
మూయడానికి నొక్కితే చాలు.
ఎవరూ నొక్కలేదు.
ఇఖ్తిదార్ మియా కొక్కేన్ని వేళ్ళ మధ్య పట్టి
"ఈ మందం చాలు," అన్నారు.
"చాలదు. అప్పుడే చెప్పాను," అన్నారు రామౌతార్.
ఆ తర్వాత పావుగంట గట్టిగా అరుచుకున్నారు
నేరుగా,
నేనక్కర్లేకుండా.

నోటీసు సంగతా?
వాయిదా పదిహేడున.