నాలుగో వైపు

మూడు సీజన్లు మైకు కర్ర పట్టుకుని నిలబడ్డాను
డులూత్ ఊరి చివర, పాత చేపల గోదాములో కట్టిన
మూడు గోడల ఇంట్లో.
కుళాయి తిప్పితే నీళ్లు రావు.
కిటికీ అవతల మంచు మాత్రం
వారానికి రెండు బస్తాలు.

పదేళ్ల ఆంబ్రోస్ ఆ ఇంటి పిల్లాడు.
నాన్న కరెంటు బిల్లు పైకి చదువుతుంటే
రొట్టెకి వెన్న రాస్తూనే
తప్పెక్కడుందో చెప్పేస్తాడు.
జనం నవ్వుతారు.
అక్క దాచుకున్న ప్రేమలేఖలో
అక్షరదోషాలు పదకొండంటాడు.
జనం పొట్టలు పట్టుకుంటారు.
వాడి నెత్తిన చెయ్యేసి, ఏమనాలో తోచక
"పాలు తాగు" అంటుంది అమ్మ.
దానికీ నవ్వుతారు.
నాకెందుకో అక్కడ నవ్వొచ్చేది కాదు.

ఒక శుక్రవారం రాత్రి
అక్క మోచేయి నాన్న సూపులో ఉండగా
వాడు చెంచా కింద పెట్టాడు.
"మనం నలుగురం. బల్లకి నాలుగు వైపులు.
మరి అటువైపు
ఎప్పుడూ ఎవరం కూర్చోమేం?"

స్క్రిప్టులో లేని మాట.
నవ్వబోయి జనం ఆగారు.
నవ్వూ తుమ్ములాంటిదే,
సగంలో ఆగితే ముక్కు మండుతుంది.

పక్కింటి వెండెల్ అని ఇంకొకడున్నాడు.
లెక్కల్లో సున్నా.
తలుపు తోసుకొచ్చి బిస్కెట్లు ఎత్తుకుపోవడం
కథలో వాడి ఉద్యోగం.
రావాల్సింది తర్వాతి సీనులో,
ముందే వచ్చేశాడు.
కుర్చీ బరబరా ఈడ్చి
కెమెరాలకి వీపు పెట్టి
ఆ ఖాళీ వైపు కూర్చున్నాడు.
వదులు చొక్కాకి వెనక గుచ్చిన పిన్నీసులు
ఊరందరికీ కనబడ్డాయి.
గాజు గదిలో దర్శకుడు
మునిగిపోతున్నవాడిలా చేతులూపుతున్నాడు.

వెండెల్ ఏదో గొణిగాడు.
మైకు సరిగ్గా వాడి నెత్తి మీదుంది,
నా చెవుల్లో మాత్రమే పడింది:
"ఇంతకాలం పట్టిందేంరా నీకు?
నాకు మొదటిరోజే తెలుసు.
బాధపడతావని చెప్పలేదు."

ఆంబ్రోస్ మొహం ఎలా మారిందో చెప్పలేను.
పైనుంచి నాకు పాపిడే కనిపిస్తుంది.
కెమెరాకి వెండెల్ చెవులు అడ్డం.
చూసినవాడు వాడొక్కడే.

ఆ ముక్క కోసేశారు.
మళ్లీ తీశారు, సూపు వేడి చేసి,
అక్క మోచేయి సరిచేసి.
దేశం చూసింది ఆ రెండోదే.

కానీ కోసేసే ముందు,
అందరూ ఒకేసారి అరుస్తుండగా,
బల్ల మీద ఒక బిస్కెట్టు విరిగింది.
వెండెల్ విరిచాడు.
ముక్కలు సమానంగా రాలేదు,
పైనుంచి నాకే తెలిసిపోయింది.
ఆంబ్రోస్ చిన్నముక్క తీసుకున్నాడు.
ఎంత చిన్నదో చెప్పలేదు.