మూగదెబ్బ

తొసోన్‌చెంగెల్‌లో చలి మైనస్ నలభై దాటాక
థర్మామీటర్ని ఎవరూ చూడరు.
ఆ రాత్రి ఆసుపత్రి పొయ్యిలో బొగ్గు సగమే అంటుకుంది.
కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు జామ్యాన్‌కి
ఉప్పేసిన పాలటీ పోసి చెప్పాను:

కత్తి వాగుడుకాయ.
ఎక్కడ దిగిందో, ఎంత దిగిందో
అడక్కుండానే చెప్పేస్తుంది.
మూగదెబ్బ చర్మం తలుపు దగ్గరగా వేసి
లోపల ఇల్లు కూల్చుతుంది.

పగిలిన నుదురు తెస్తారు, గొడ్డలి అంటారు.
అంచులు విప్పి చూడు.
పదునైతే పోగులన్నీ ఒక్క వేటుకే తెగుతాయి.
రాయో, నేలో, ట్రక్కు తలుపో అయితే
గాయం అడుగున సన్నని పోగులు కొన్ని
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుని
ఇంకా పట్టుకునే ఉంటాయి.

కమిలిన రంగు చూసి తారీఖు చెప్పేవాణ్ణి నమ్మకు.
ఊదా ఒకరికి మూడు రోజులుంటుంది, ఒకరికి పది.
పసుపు మాత్రం తొందరపడి రాదు.

జామ్యాన్ రాసుకుంటున్నాడు.
సిరా గడ్డకడుతోంటే
పెన్ను మీద నోటి ఆవిరి ఊదుకుంటూ.

దోర్జ్‌సురెన్ సంగతి చెప్పాలా వద్దా అనుకుని
చెప్పాను.
తొమ్మిదేళ్ళు. ఎర్రగుర్రం వెనకనుంచి నడిచాడు.
ఎడమ డొక్కలో తన్నింది.
పడ్డాడు, లేచాడు, దులుపుకున్నాడు.
మగాడివయ్యావురా అని తాత నవ్వాడట.
మధ్యాహ్నం గొర్రెల్ని తోలుకొచ్చాడు.
సాయంత్రం ఎడమ భుజం నొప్పన్నాడు.

నేను భుజానికి ఎక్స్‌రే తీశాను.

భుజం శుభ్రంగా ఉంది. అద్దంలా ఉంది.
ఆ ఫిల్మ్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కడుపులో నెత్తురు నిండి డయాఫ్రమ్‌ని తాకితే
నొప్పి భుజానికి ఎక్కుతుంది.
నరాలు అప్పుడప్పుడూ
ఒక ఇంటి ఉత్తరం ఇంకో ఇంట్లో పడేస్తాయి.
పుస్తకంలో ఉంది. పరీక్షలో నేను రాశాను కూడా.
పగిలిన ప్లీహంతో అన్ని గంటలూ ఆ పిల్లాడు
తన నెత్తురు తానే కడుపులో పెట్టుకున్నాడు.
ఉలియస్తాయ్ దారిలో, జీపు కనుమ ఎక్కుతోంటే,
టీ అడిగాడు.

అక్కడితో ఆపేశాను.
జామ్యాన్ పెన్ను మూత పెట్టాడు.

రెండింటికి తలుపు చప్పుడు.
ఉర్నాసన్. ఉన్ని అంగీ నిండా మంచు.
పదహారు కిలోమీటర్లు ఒక్కతే, గుర్రం మీద.
"గుర్రం తన్నింది" అంది,
మేం ఏమీ అడగకముందే.

బొత్తాలు విప్పడానికి చాలాసేపు పట్టింది.
డొక్క మీద నాలుగు మచ్చలు, వరసగా,
ఒక్కోటీ చిన్న నాణెమంత.
పక్కనే పాతవి. వాటి పక్కన పసుపువి.
ముంజేతుల మీదా ఉన్నాయి, బయటి వైపు;
తల కాచుకునేవాళ్ళకి అక్కడే తగులుతాయి.

అల్ట్రాసౌండ్‌లో ప్లీహం వెతికాను.
బాగానే ఉంది.
భుజం నొప్పిగా ఉందా అని అడిగాను.
లేదంది. మళ్ళీ అడిగాను.
నాలుగోసారి అడిగినప్పుడు
ఆమె నా వంక జాలిగా చూసింది.

జామ్యాన్ ఏమనుకున్నాడో
కొలిచే టేపు తీసుకుని బయటికెళ్ళాడు.
మంచు పట్టిన కిటికీని వేలితో గీకి చూశాను.
కంచెకి కట్టిన బూడిదరంగు గుర్రం
అడగ్గానే వెనకకాలు ఎత్తి ఇచ్చింది.
కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు.

తిరిగొచ్చి మాట్లాడలేదు.
చేతులు గుర్రం వాసన.
రిజిస్టర్లో 'కారణం' అన్న గడిలో
డెక్క వెడల్పు రాశాడు, సెంటీమీటర్లలో.
దాని కింద మచ్చ వెడల్పు.
ఇంకేం రాయలేదు.

బల్లకి అటువైపు కూర్చున్న ఉర్నాసన్
ఆ రెండంకెల్నీ తలకిందులుగానే చదివింది.
పొయ్యిలో బొగ్గు చిటపటమంది.
పాలటీ మీద మీగడ కట్టింది.

"దాని మీద ఏదైనా కప్పారా?" అంది చివరికి.
"ఒళ్ళంతా చెమటతో వచ్చింది.
మంచి గుర్రం అది.
ఇంతవరకూ ఎవర్నీ తన్నలేదు."